జాడీకి కట్టిన ఎర్రదారం

ఆ ఏడు మా ఇంట్లో క్రిస్మస్ కేకు కోసం పండ్లు నానేసిన జాడీలో రమ్ము తగ్గుతూ వచ్చింది. ఎవరు తాగుతున్నారో కనిపెట్టాలని నేనూ మా చెల్లెలు జోసీ నడుం కట్టాం. కనిపెట్టడానికి ఏముందని ఊళ్ళోవాళ్ళెవరైనా నవ్వేవాళ్ళే. తాగుబోతు ఇంట్లోనే ఉంటే దొంగ కోసం వీధులు వెతుకుతారా ఎవరైనా?

ఆ తాగుబోతు మా నాన్న.

నాకప్పుడు పదకొండేళ్ళు, జోసీకి ఆరు. మా దీవిలో గ్వావ్ అనే ఊళ్ళో సముద్రం ఒడ్డున, దుంగల మీద నిలబెట్టిన చెక్క ఇల్లు మాది. నాన్న తెల్లారకముందే పడవెక్కి, మధ్యాహ్నానికి చేపలు అమ్మేసుకుని ఇంటికొచ్చేవాడు. అమ్మ జాజికాయల గోదాములో కాయలు ఏరే పనికి పోయి సాయంత్రానికి వచ్చేది. తాగితే కొట్టే రకం కాదు నాన్న, ఏడ్చే రకం. రోడ్డు పక్కన కూర్చుని ఏడుస్తుంటే బడినుంచి వచ్చే పిల్లలు చుట్టూ చేరేవాళ్ళు. వాళ్ళలో నా క్లాసువాళ్ళు కూడా ఉండేవాళ్ళు.

మార్చిలో నానమ్మ పోతూ పోతూ ఆయన చెయ్యి పట్టుకుని ఏదో అంది. ఏమందో ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నుంచి మాత్రం చుక్క ముట్టలేదు.

అమ్మ నమ్మాలనే అనుకుంది, పాపం. కానీ పన్నెండేళ్ళు కాపరం చేసిన ముక్కు కదా, అది ఊరుకోదు. సాయంత్రం ఇంటికి రాగానే ఆయన చొక్కా కాలరు సర్దే వంకతో మొహం దగ్గరికి వెళ్ళేది. నాన్న ఆ వంక కనిపెట్టేశాడు. కొన్నాళ్ళకు ఆమె అడక్కుండానే గుమ్మంలో ఎదురెళ్ళి, డాక్టరు ముందు నోరు తెరిచినట్టు తెరిచి, "హా" అని ఊపిరి వదిలేవాడు. అమ్మ తలూపేది. ఆ తరవాతే ఇంట్లో కంచాలు పెట్టేవాళ్ళం.

నవంబరు రెండున సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించి వచ్చాం. నానమ్మకు అదే మొదటి ఏడు. మర్నాడు అమ్మ అలమర మీంచి నానమ్మ జాడీ దించింది. పొట్ట లావైన గాజు జాడీ అది. మాడ్చిన చక్కెరతో చేసే నల్ల కేకు వ్యవహారమంతా నానమ్మదే మా ఇంట్లో. వెన్న గిలక్కొట్టడానికి తప్ప కోడల్ని దగ్గరికి రానిచ్చేది కాదు. జనవరిలో పండ్లు నానేస్తే మళ్ళీ డిసెంబరుదాకా ఆ జాడీ ఆవిడ మంచం పక్కనే ఉండేది. ఆ ఏడు జనవరికే ఆవిడ మంచం పట్టడంతో పండ్లు నానెయ్యలేదు, ఇప్పుడా పని అమ్మ నెత్తిన పడింది.

ఎండుద్రాక్ష, ఆల్‌బుఖరా పండ్లు, చెర్రీలు, నారింజ తొక్క అన్నీ జాడీలో వేసి, పైన నాలుగు వేళ్ళ ఎత్తున నిలిచేలా రమ్ము పోసింది. నాన్న గుమ్మం దగ్గరే నిలబడి చూస్తున్నాడు. వంటింట్లోకి రాలేదు.

"మా అమ్మ దాల్చినచెక్క కూడా వేసేది" అన్నాడు.

"వేశాను. నీకు వాసనలన్నీ అంత దూరం నుంచే తెలుస్తాయే!" అంది అమ్మ. ఎగతాళికే అంది గానీ ఇద్దరికీ నవ్వు రాలేదు.

తరవాత కుట్టుపెట్టెలోంచి ఎర్రదారం తీసి, రమ్ము ఎక్కడిదాకా ఉందో సరిగ్గా అక్కడ జాడీ చుట్టూ కట్టి ముడేసింది.

"అదెందుకమ్మా?" అంది జోసీ.

"గుర్తుకి."

"దేనికి గుర్తు?"

"నోరు మూసుకుని పుస్తకం తియ్యవే."

నాన్న ఆ దారం కేసి చూశాడు. తరవాత తన కాళ్ళకేసి చూసుకుని, మెట్లు దిగి వల బాగుచేసుకోడానికి వెళ్ళిపోయాడు.

ఆ రోజుల్లోనే మా ఇంటికింద ఓ వీధిపిల్లి గోనెసంచిలో మూడు పిల్లల్ని పెట్టింది. "కేకుల కాలంలో ఇంట్లో పిల్లులా? పిండిలో ఒక్క వెంట్రుక పడిందంటే నా పరువు పోతుంది. ఎవరికైనా ఇచ్చెయ్యండి" అని అమ్మ ఖరాఖండీగా చెప్పేసింది. రెంటిని ఇచ్చేశాం. మూడోదాన్ని ఇవ్వడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. జాజికాయ మీద ఉండే జాపత్రిలా ఎర్రగా ఉండేది. దానికి జాపత్రి అనే పేరు పెట్టి వంటింటి అలమర అడుగున, కేకు రేకులు పెట్టే అరలో దాచాను. అమ్మ ఉన్నంతసేపూ ఇంటికింద, అమ్మ పోగానే అలమరలో.

అది కుదురుగా ఉంటేనా! జోసీ మేజోడు ఎత్తుకుపోయింది. ఎండుద్రాక్షల పొట్లం చింపి ఇల్లంతా దొర్లించింది. నాన్న వలకున్న బెండు ముక్కలు నాలుగు మాయమైతే, ఆ నేరం ఎలుకల మీదకు తోశాను. కేకు రేకులో చుట్టచుట్టుకుని పడుకుంటే సరిగ్గా దానికోసమే చేయించినట్టుండేది.

రెండువారాలు తిరిగేసరికి రమ్ము దారం కిందికి దిగింది. ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక అమ్మ జాడీ ముందు కూర్చుని, రమ్ముకూ దారానికీ మధ్య వేలు పెట్టి కొలిచింది. మరుసటి ఆదివారం రెండు వేళ్ళు. ఆ వారమంతా సాయంత్రం గుమ్మంలో నాన్న "హా" అంటే అమ్మ తలూపడం మానేసింది. మళ్ళీ అనమనేది. రెండోసారి కూడా అనేవాడు.

"నాన్న కాదక్కా" అంది జోసీ.

"మరెవరు?"

"నానమ్మ. రమ్ము బాగుందో లేదో చూసుకోడానికి వస్తోంది."

"దయ్యాలు తాగవే మొద్దూ."

"ఏం, నీకు చెప్పాయా?"

నాకూ నాన్న కాదనే ఉండేది. నానమ్మ చెయ్యి పట్టుకున్నప్పుడు ఆయన మొహం నేను చూశాను. కానీ తాటిచెట్టు కింద కూచుని పాలు తాగినా కల్లనే అంటుంది లోకం. రుజువు కావాలి. అందుకని ఓ పథకం వేశాను. సోమవారం అమ్మ గోదాముకి పోగానే, బడికి వెళ్ళేముందు, జాడీ ఉన్న మూల చుట్టూ నేలమీద పల్చగా గోధుమపిండి చల్లాను. ఎవరొచ్చినా అడుగులు పడి తీరాలి. మూడింటికి బడినుంచి పరిగెత్తుకొచ్చి చూశాం. పిండినిండా చిన్న చిన్న పాదాలు, పువ్వులు అద్దినట్టు. జాపత్రివి. మనిషి అడుగన్నది లేదు. వాకిలి నుంచి తడికాళ్ళ గుర్తులు వచ్చి, పిండి అంచుదాకా వచ్చి ఆగి, పక్కనుంచి తిరిగి నీళ్ళ కడవ వైపు వెళ్ళాయి.

రోజూ అమ్మ వచ్చేలోపు ఊడ్చేసి, మర్నాడు పొద్దున్నే మళ్ళీ చల్లేదాన్ని. మంగళవారం అంతే. బుధవారం అంతే. శుక్రవారం సాయంత్రానికి పిండిలో పిల్లిపాదాలు తప్ప ఇంకేమీ లేవు. రమ్ము మాత్రం ఇంకాస్త తగ్గింది.

రుజువు దొరికింది. అమ్మను పిలిచి చూపించడమే తరవాయి. కానీ చూపిస్తే పిల్లిపాదాలూ కనపడతాయి. జాపత్రి పోతుంది. పైగా పండగ పిండి తగలేసినందుకు నా వీపు పగుల్తుంది. చీపురు చేతిలో పట్టుకుని నిలబడి కాసేపు ఆలోచించాను. ఊడ్చేశాను.

"అమ్మకు చెప్పవా?" అంది జోసీ.

"తరవాత చెబుతాను."

ఆ తరవాత అన్నది రాకముందే అమ్మ వచ్చింది. జాడీని రెండు చేతులతో ఎత్తి తెచ్చి బల్లమీద పెట్టింది. దారానికి మూడు వేళ్ళ కిందికి పోయింది రమ్ము. పై పండ్లు బయటపడ్డాయి.

"లెనక్స్, ఒకసారి ఇలా రా."

నాన్న వచ్చాడు. ఎప్పట్లాగే గుమ్మంలో ఆగాడు.

"చూశావా?"

"చూస్తూనే ఉన్నాను, నెల్నాళ్ళ నుంచీ. నేను తాగలేదు వెర్నా."

"నువ్వు తాగావని నేననలేదే."

"అనలేదు. దారం చేత అనిపించావు."

"మరి ఎవరు తాగినట్టు? పిల్లలా? మధ్యాహ్నమంతా ఇంట్లో ఉండేది నువ్వొక్కడివే. మొన్నటినుంచి లవంగాలు నములుతున్నావు. వాసన తెలీకుండా లవంగం నమలడం నీకేం కొత్తా?"

"పన్ను నొప్పి."

"ఆహా, పన్ను నొప్పి! పన్నెండేళ్ళు విన్నాను ఈ నొప్పులన్నీ. ఏదీ, హా అను."

నాన్న అనలేదు. నోరు గట్టిగా మూసుకుని నిలబడ్డాడు.

"దారం కట్టారు. పిండి చల్లారు. ఇంకేం మిగిలింది, నా మెడలో గంట కూడా కట్టండి" అన్నాడు చివరికి.

"పిండేంటి?" అంది అమ్మ.

నాన్న నా వైపు చూశాడు. ఒక్క క్షణమే. నేను చెయ్యాల్సిందల్లా నోరు తెరవడం. అలమర తలుపుకు వీపు ఆనించి నిలబడి ఉన్నాను, ఇంటికిందకు దించే వ్యవధి దొరక్క, నా వెనక రేకులోనే జాపత్రి నిద్రపోతోంది. నేను నోరు తెరవలేదు.

"ఏం లేదులే" అన్నాడు నాన్న.

గేలాల సంచీ, రెండు చొక్కాలు తీసుకుని పక్క ఊరు విక్టోరియాలో ఉన్న ఐవీ అత్త ఇంటికి వెళ్ళిపోయాడు. మెట్లు దిగుతుంటే జోసీ వెనకాలే పరిగెత్తి చొక్కా పట్టుకుంది. ఆయన దాని వేళ్ళు ఒక్కొక్కటే విడిపించి నుదుట ముద్దు పెట్టాడు.

తరవాతి రెండువారాలు ఇల్లు ఇల్లులా లేదు. ఊరంతా పండగ పనుల్లో ఉంది. కిటికీలకు కొత్త పరదాలు, గోడలకు కొత్త రంగులు, ఏ ఇంటిముందు నుంచి పోయినా మాడ్చిన చక్కెర వాసన. మా ఇంట్లో అమ్మ రోజూ సాయంత్రం గుమ్మంలో ఒక్క క్షణం ఆగేది. ఎదురొచ్చి నోరు తెరిచేవాళ్ళు లేరు. లోపలికొచ్చేసేది. విక్టోరియా పడవల వాళ్ళు నాన్నను చూశామన్నారు. తాగుతున్నాడా అని అమ్మ అడగలేదు. అడిగితే ఔనంటారేమోనని భయం. నాకూ అదే భయం. నేను దాచిన మాటవల్ల ఆయన మళ్ళీ సీసా పట్టుకుంటే, ఆ పాపం నాది కాక ఇంకెవరిది? అన్నం సయించేది కాదు. జాపత్రి కూడా పగలు నేను పెట్టిన పాలు ముట్టకుండా వాకిలికేసి చూస్తూ అరిచేది. ఎందుకు అరుస్తోందో నాకప్పుడు తెలీలేదు.

పండగ నాలుగు రోజులుందనగా టాంటీ ఒలీవ్ వచ్చింది. పిన్ని వరసకు అందరం టాంటీ అని పిలిచే మా పక్కింటి ముసలావిడ, నానమ్మకు ప్రాణస్నేహితురాలు. కాలు విరిగి మూడునెలలు పట్నంలో కూతురింట్లో ఉండి అప్పుడే దిగింది. కర్ర పొడుచుకుంటూ మెట్లెక్కి వచ్చి, జాడీ మీది గుడ్డ తీసి చూసి నోరు నొక్కుకుంది.

"ఇదేంటే పిల్లా, పండ్లను ఇలా మాడ్చి చంపావు? తిండి పెట్టలేదా వీటికి?"

"తిండేంటి టాంటీ?" అంది అమ్మ.

"ఓసి నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఎండుపండు ఊరుకుంటుందా? తాగుతుంది. మీ ఆయన అంతటివాడు కూడా తాగలేనంత తాగుతుంది. వారం వారం పోస్తూ ఉండాలి. మీ అత్త ప్రతి శుక్రవారం పోసేది."

"నేనెప్పుడూ చూళ్ళేదే!"

"నీ కంట పడితే వాడి కంటా పడుతుందనేగా ఆవిడ భయం! సీసా మా ఇంట్లో దాచేది. వాడు సముద్రం మీద, నువ్వు గోదాములో ఉన్న వేళ చూసుకుని, కప్పులో పోసుకుని గౌను చాటున పట్టుకెళ్ళేది. కొడుకు ఉన్న ఇంట్లో సీసా ఉండకూడదని ఒట్టు ఆవిడకి."

ఆవిడ గరిటెతో ఓ ఆల్‌బుఖరా పండు తీసి అమ్మ అరచేతిలో పెట్టింది. వేసేటప్పుడు ముడతలు పడి చిటికెనవేలి కొసంత ఉన్న పండు, ఇప్పుడు ఉబ్బి బొటనవేలంత ఉంది. "పిండు" అంది. అమ్మ పిండింది. రమ్ము వేళ్ళ సందుల్లోంచి కారి మణికట్టు దాకా పోయింది.

అమ్మ ఉన్నచోటనే నేలమీద కూలబడింది. తడిచెయ్యి అలాగే గాల్లో పట్టుకుని కూర్చుంది. "చెప్పాడు టాంటీ. తాగలేదని చెప్పాడు" అంది.

కొడుకును కాపాడుకోడానికి ఆ తల్లి దాచిన గుట్టే కొడుకు మెడకు చుట్టుకుంది. కానీ ముడి బిగించింది నేను. ఇంటికిందకు దిగి, జాపత్రిని ఎత్తుకొచ్చి అమ్మ ముందు దింపాను. పిండి సంగతి, పాదాల సంగతి, చీపురు సంగతి అంతా ఏడుస్తూ చెప్పేశాను.

అమ్మ చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి నా మీద పడలేదు, జాడీ మీదికి వెళ్ళింది. దారం లాగితే తెగలేదు. జాడీని ఒళ్ళోకి తీసుకుని ముడిని పళ్ళతో కొరికింది.

"ఇద్దరం కలిసి గెంటేశామే ఆయన్ని" అంది.

జాపత్రి ఆమె గౌను అంచుతో ఆడుకుంటోంది. దాన్ని ఎవరికివ్వాలన్న ఊసే ఆ తరవాత రాలేదు.

మర్నాటి నుంచి అమ్మ మనిషి మారినట్టు పని చేసింది. చక్కెర మాడ్చింది. వెన్న నేనూ జోసీ వంతులవారీగా గిలక్కొట్టాం, ఒకే వైపుకి, చేతులు పడిపోయేదాకా. రమ్ములో నానిన పండ్లతో నాలుగు కేకులు కలిపింది. విడిగా ఇంకో గిన్నెలో గుప్పెడు ఎండుపండ్లు ఎర్ర గోంగూర పువ్వుల రసంలో ఉడికించి, చల్లార్చి, ఓ పాలడబ్బాకి సరిపడా పిండి కలిపింది. ఒక్క చుక్క రమ్ము వెయ్యలేదు.

పండగ ముందురోజు పొద్దున్నే రొట్టెల బట్టీకి ఊరందరి రేకులూ చేరతాయి. రొట్టెలు దించాక మిగిలిన వేడిమీద కేకులు కాలుస్తారు. ఎవరి రేకుకు వాళ్ళు మేకుతో గుర్తు గీసుకుంటారు. మా రేకుల మీద నానమ్మ గీసిన చేప బొమ్మే ఉంటుంది ఎప్పుడూ. పాలడబ్బా మీద మాత్రం అమ్మ నాన్న పేరంతా గీసింది, చివరి అక్షరం దాకా.

పదకొండింటికి ఆ వేడి వేడి డబ్బాను గుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది. "వెళ్ళు. బస్సెక్కు."

"ఏం చెప్పను?"

"నీ మాట నువ్వు చెప్పు. నా మాట ఆ డబ్బాలో ఉంది."

విక్టోరియాలో దిగేసరికి నాన్న ఒడ్డున బోర్లించిన పడవ మీద కూర్చుని గేలం తాడు విప్పుకుంటున్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి జరిగి చోటిచ్చాడు. డబ్బా మూత తీసి మొహం దగ్గర పెట్టుకుని చాలాసేపు వాసన చూశాడు.

"ఇందులో రమ్ము లేదే?"

"లేదు. నీకోసమే చేసింది. రమ్ము పండ్లే తాగాయట నాన్నా. టాంటీ ఒలీవ్ చెప్పింది. నానమ్మ ప్రతి శుక్రవారం పోసేదట, నీకు తెలీకుండా."

ఆయన డబ్బాను ఒళ్ళో పెట్టుకున్నాడు. "మా అమ్మ..." అని నవ్వబోయాడు. కళ్ళనిండా నీళ్ళు నిండాయి.

"రోజూ సాయంత్రం ఆ కొట్టు ముందు నిలబడేవాణ్ణి" అన్నాడు, రోడ్డవతల రమ్ము కొట్టు చూపిస్తూ. "ఎలాగూ పేరు పడింది, తాగితే పోలా అనిపించేది. ఎందుకో లోపలికి పోలేదు." తరవాత నా వైపు తిరిగి అడిగాడు. "జాపత్రికి చేపతల పెడుతున్నారా?"

"అది నీకెలా తెలుసు?"

"మధ్యాహ్నమంతా దానికి నేను, నాకు అది. నువ్వు దాచుకున్నావు కదాని నేనూ దాచాను."

ఇంక ఆపుకోలేకపోయాను. "పిండి అమ్మ చల్లలేదు నాన్నా. నేను చల్లాను."

"తెలుసమ్మా. గడపదాకా నీ పాదాలే ఉన్నాయి." ఆయన గొంతులో కోపం లేదు, ఉంటే ఇంత బాధ ఉండేది కాదు నాకు. "దారం మీ అమ్మ కట్టింది, కట్టనీ. ఇన్నేళ్ళు నా కంపు భరించింది, ఆమెకు ఆ హక్కుంది. పిండి చూశాక, నా బిడ్డ కూడానా అనుకున్నాను. ఆ ఇంట్లో నిలబడలేకపోయాను."

"కాదు నాన్నా! నువ్వు కాదని చూపిద్దామనే చల్లాను!"

"మరి చూపించావా?"

నాకిప్పుడు యాభై దాటాయి, నానమ్మ జాడీ నా దగ్గరే ఉంది, శుక్రవారం శుక్రవారం పండ్లకు నేనే పోస్తాను. ఆ ప్రశ్నకు మాత్రం ఇప్పటికీ జవాబు లేదు.

ఆ పడవ మీదే ఆయన కేకు ఓ ముక్క విరిచి నా నోట్లో పెట్టి, తానో ముక్క నోట్లో వేసుకున్నాడు. "పులుపు కాస్త ఎక్కువైంది" అన్నాడు. మిగతాది జోసీకని చుట్టబెట్టాడు. అత్తకు చెప్పి గేలాల సంచీ తెచ్చుకుని, నా చెయ్యి పట్టుకుని బస్సు దగ్గరికి నడిచాడు.

మేం వచ్చేసరికి అమ్మ మెట్లమీద నిలబడి ఉంది. పండగ రొట్టెలకు కలిపిన పిండి ఇంకా చేతులకు ఉంది. ఏ బస్సు చప్పుడైనా వచ్చి చూస్తూనే ఉందట నేను బస్సెక్కినప్పటినుంచి, జోసీ చెప్పింది. నాన్న మెట్లెక్కి ఆమె ఎదురుగా ఆగాడు. ఆయన సంచీ దింపి, తొమ్మిది నెలల అలవాటు కొద్దీ, మొహం ముందుకు వంచి నోరు తెరిచాడు.

అమ్మ ఆ ఊపిరి బయటికి రానివ్వలేదు. పిండి చేత్తో గబుక్కున ఆయన నోరు మూసేసింది. మూసి, ఆ చెయ్యి తియ్యకుండానే ఏడ్చింది.

"లోపలికి రా" అంది. "కూర చల్లారిపోతోంది."